ప్లగిన్ వచ్చింది, దాని హెల్ప్ ఏది?

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల ఆఫీసు ఒకటి ఉందనుకోండి. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో మేత, సీడ్ (రొయ్య పిల్లలు) కొనుగోలు, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం), కూలి చెల్లింపులు దేనికదే ఒక ప్లగిన్, అంటే ప్రధాన సాఫ్ట్‌వేర్‌కి విడిగా తగిలించుకునే ముక్క. ఎవరికి కావలసినవి వాళ్లు కొనుక్కుంటారు. చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) వివరాలు ఎక్కిస్తూ గుమస్తా హెల్ప్ కోసం ఎఫ్1 నొక్కితే, ఆ ఆఫీసు కొననే కొనని హేచరీ ప్లగిన్ పేజీలు వచ్చి పడతాయి. చెక్ ట్రే గురించి ఒక్క ముక్క ఉండదు. హెల్ప్ ఫైలు ఏడాది కిందట కట్టింది, చెక్ ట్రే ప్లగిన్ మొన్న వచ్చింది. నెల్లూరులోనో ఒంగోలులోనో నలుగురు కూర్చుని రాసే సాఫ్ట్‌వేర్‌కి ఎదురయ్యే ఈ చిక్కుకి యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1971లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మొదటి మాన్యువల్ వచ్చినప్పుడు ఒక్కో కమాండుకి ఒక్కో పేజీ. కొత్త కమాండు చేర్చినవాళ్లు దాని పేజీని కూడా చేరిస్తే సరిపోయేది. 1976లో ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్ తదితరులు మొదలుపెట్టిన ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ ఇంకో అడుగు వేసింది. తర్వాతి ఈమాక్స్‌లలో ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) రాసేచోటే దాని వివరణా రాస్తారు. బయటినుంచి తెచ్చిన ప్యాకేజీ లోడయిందంటే దాని వివరణ కూడా హెల్ప్‌లో దొరికినట్టే.

1990లో విండోస్ 3.0తో వచ్చిన హెల్ప్ పద్ధతి విన్‌హెల్ప్ మాత్రం అంతా కంపైల్ చేసి ముద్ద చేసిన ఫైలు. విండోస్ 95 నాటికి ఒక విషయసూచికలో మరొకటి కలుపుకునే వీలొచ్చింది. 1997లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ హెల్ప్ కూడా సీహెచ్ఎం అనే తన హెల్ప్ ఫైళ్లను కలపనిచ్చింది. కానీ ఏయే ఫైళ్లు కలవొచ్చో ప్రధాన ఫైలు కట్టేటప్పుడే రాసిపెట్టాలి. రెండేళ్ల తర్వాత ఎవరో రాయబోయే ప్లగిన్ పేరు ఇవాళ ఎలా తెలుస్తుంది? పైగా 2005 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన భద్రతా అప్‌డేట్ తర్వాత, నెట్‌వర్క్ డ్రైవులోని సీహెచ్ఎం తెరిస్తే సూచిక కనిపించేది గానీ పేజీ తెరుచుకునేది కాదు. సాఫ్ట్‌వేర్ అంతా ఒక సర్వర్‌లో పెట్టి నాలుగు కంప్యూటర్లలో వాడుకునే చిన్న ఆఫీసులకి అది గట్టి దెబ్బే.

అసలు మలుపు 2001 నవంబరులో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చిన ఎక్లిప్స్, ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్. ప్రతి ప్లగిన్ తన విషయసూచికను చిన్న ఎక్స్ఎంఎల్ ఫైలుగా వెంట తెచ్చుకుంటుంది. ప్రధాన సూచికలో అక్కడక్కడా యాంకర్లనే ఖాళీ గూళ్లుంటాయి. ఫలానా గూట్లో నా పేజీలు పెట్టమని ప్లగినే చెబుతుంది. ఆ గూట్లోకి ఎవరొస్తారో ప్రధాన సూచిక రాసినవాళ్లకి తెలియక్కర్లేదు. ఇంత శుభ్రమైన ఏర్పాటు అంతకుముందు నాకు కనబడలేదు. తర్వాత 2011లో వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ 3.3 ఒక్కో స్క్రీన్‌కి హెల్ప్ ట్యాబులు చేర్చే పద్ధతి ఇచ్చింది. 2018లో వచ్చిన మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ 3లో విశ్లేషణ పనిముట్టు రాసేవాళ్లు దాని కోడ్‌లోనే చిన్న వివరణ ఇస్తే, అది డైలాగ్ పక్కనే కనిపిస్తుంది.

పేజీలు కలిపే పని ఇలా తీరింది. తీరనిది పట్టుబడి రోజు పని. ఆ రోజు మేత నిల్వ మూయాలి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) ఎక్కించాలి, తూకం రాయాలి, కొనుగోలుదారుడి బిల్లు తీయాలి. నాలుగూ నాలుగు ప్లగిన్లు. ఏ ప్లగిన్ హెల్ప్ చూసినా తన స్క్రీన్‌లోని బటన్ల గురించే చెబుతుంది. ముందు ఏది, తర్వాత ఏది అన్నది ఎవరూ రాయరు. కోడ్ నుంచి తీసి పేర్చిన హెల్ప్ బటన్ల జాబితాగా మిగిలేది ఇందుకే. నా మట్టుకు, ‘పట్టుబడి రోజు’ లాంటి పేజీ ప్రధాన సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల బాధ్యత. అందులో గూళ్లు వాళ్లు వదలాలి, ఒక్కో మెట్టు ప్లగిన్ నింపాలి. బిల్లు ప్లగిన్ లేకపోతే ఆ మెట్టూ దానికి వెళ్లే లింకులూ రెండూ కనిపించకూడదు. వెతుకులాట సూచీని ప్లగిన్ ఎక్కించినప్పుడూ తీసేసినప్పుడూ మళ్లీ కట్టాలి, గుమస్తా ఎఫ్1 నొక్కాక కాదు.

తెలుగు హెల్ప్ ఇచ్చే జట్లకి ఇంకో పని ఉంది. బటన్ పేర్లను హెల్ప్ పేజీలో చేత్తో టైపు చేయకుండా, స్క్రీన్ వాడుకునే అనువాద ఫైలులోంచే తెప్పించాలి. అప్పుడు ప్లగిన్ రాసినవాళ్లు బటన్ పేరు మార్చినా గుమస్తా చదివే పేజీలో అదే పేరు ఉంటుంది.