బాలిలో వెల్‌నెస్ రిట్రీట్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ, బెంగళూరు నుంచి చిన్న బృందాలను ఇండోనేషియాలోని బాలి దీవికి వెల్‌నెస్ రిట్రీట్‌లకు తీసుకువెళ్లడం నా వృత్తి. యోగా టీచర్లు, మహిళా బృందాలు, కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల వాళ్లు తామే ప్రణాళిక వేసుకుని, ఒకసారి చూసిపెట్టమని నాకు పంపుతుంటారు. దాదాపు అన్నిటికీ ఒకటే జబ్బు. విశ్రాంతి కోసం వెళ్తున్నామని పైన రాస్తారు, కింద ఊపిరి పీల్చుకోవడానికి సందు ఉండదు. రిట్రీట్ ప్రణాళికలో అన్నిటికన్నా ముందు కాపాడుకోవలసింది ఖాళీ సమయాన్నే. మిగతా ఏర్పాట్లన్నీ దాని కోసమే.

అపోహ: ఇంత ఖర్చు పెట్టి వెళ్తున్నాం కాబట్టి ప్రతి గంటకూ ఏదో ఒక కార్యక్రమం ఉండాలి

ఉదయం ఆరింటికి యోగా, తొమ్మిదింటికి తెగలలాంగ్ వరిమడులు, మధ్యాహ్నం మసాజ్, సాయంత్రం ఉలువాటు గుడి దగ్గర కెచక్ నృత్యం, రాత్రికి సౌండ్ హీలింగ్. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. అయితే బాలి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం 6 అంటే మన ఒంటికి తెల్లవారుజామున 3.30. రాత్రంతా ప్రయాణం చేసి, సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో విమానం మారి వచ్చిన మనిషిని మర్నాడు ఆ వేళకు లేపి సూర్య నమస్కారాలు చేయిస్తే అది శిక్షే. మొదటి రెండు రోజులు నేను 8కి ముందు ఏ క్లాసూ పెట్టను. ఆ తర్వాత చాలామంది తమంతట తామే ఆరింటికి లేచి చాపలు పరుచుకుంటారు.

ఇక దూరాలు. డెన్పసార్ విమానాశ్రయం నుంచి ఉబుద్ పట్టణం సుమారు 35 కిలోమీటర్లు. మ్యాపు చూసి ముప్పావు గంట అనుకుంటారు. గంటన్నర వేసుకోండి, సాయంత్రమైతే రెండు గంటలు. రోడ్లు సన్నం, స్కూటర్ల రద్దీ ఎక్కువ. దారిలో గుడి ఊరేగింపు ఎదురైతే అది సాగిపోయేదాకా వాహనాలు ఆగవలసిందే. ఉబుద్‌లో బస చేసి ఉలువాటు వెళ్లి రావాలంటే రోజులో నాలుగైదు గంటలు వ్యానులోనే గడుస్తాయి. ఫొటోల కోసం అందరూ అడిగే నుసా పెనిడా దీవికైతే స్పీడు బోటు కూడా ఎక్కాలి. బయటి ప్రయాణం వారానికి ఒకటి చాలని నేను గట్టిగా చెబుతాను. మిగతా ప్రదేశాలు చూడాలని ఉన్నవారు రిట్రీట్ ముగిశాక రెండు రోజులు అదనంగా ఉండవచ్చు.

మధ్యాహ్న భోజనం నుంచి నాలుగింటి వరకు నా షెడ్యూలులో ఏమీ ఉండదు. మొదటి రోజు "ఇప్పుడేం చేయాలి?" అని అడుగుతారు. వారమంతా ఒక్క నిమిషం తీరిక లేకుండా బతికేవాళ్లకు ఖాళీ కూడా కొంచెం భయమే. తెనాలి నుంచి వచ్చిన ఒక టీచరమ్మకు అలాంటి మధ్యాహ్నమే బస చేసిన ఇంటి ఆవిడతో పరిచయమైంది. ఆవిడ రోజూ అరుగు మీద కూర్చుని చనాంగ్ సారి అనే పూల నైవేద్యం అల్లుతుంది. లేత కొబ్బరాకును అరచేయంత పళ్లెంగా మడిచి, వెదురు పుల్లతో గుచ్చి, పూలు పేరుస్తుంది. తూర్పుకు తెలుపు, దక్షిణానికి ఎరుపు, పడమటికి పసుపు, ఉత్తరానికి నీలం లేదా ఆకుపచ్చ. మన టీచరమ్మకు ఆవిడ భాష రాదు, ఆవిడకు తెలుగు రాదు. అయినా మూడో రోజుకల్లా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అల్లుతున్నారు. ఏ ప్యాకేజీలోనూ అమ్మకానికి దొరకని ఆ రెండు గంటల కోసమే నేను షెడ్యూలుతో పోట్లాడతాను.

అపోహ: పగలు రిట్రీట్, రాత్రి ఆఫీసు పని

ఐటీ ఉద్యోగులు తరచుగా అడిగే వెసులుబాటు ఇది. అమెరికా బృందంతో మన వేళల్లో రాత్రి 8.30కి మొదలయ్యే మీటింగు బాలిలో 11కు మొదలవుతుంది. ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. నిద్రే సరిగ్గా లేని రిట్రీట్‌లో ఏ ఆసనమూ, ఏ తైలమూ చేయగలిగింది పెద్దగా లేదు. ఏడు రోజులు సగం సెలవుతో రావడం కన్నా నాలుగు రోజులు పూర్తి సెలవు పెట్టి రావడం మేలు.

అపోహ: వీసా అక్కడే ఇస్తారు కాబట్టి మన యోగా టీచరే వచ్చి క్లాసులు చెప్పవచ్చు

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నష్టపోయేది పాపం ఆ టీచరే.

భారతీయులకు ఇండోనేషియా వీసా ఆన్ అరైవల్ ఇస్తుంది. రుసుము 5,00,000 రూపాయలు, అంటే ఇండోనేషియా రూపాయలు. 30 రోజులు చెల్లుతుంది, ఒకసారి పొడిగించుకోవచ్చు. ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే విమానాశ్రయంలో వరుసలో నిలబడే బాధ తప్పుతుంది. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, చేతిలో తిరుగు టికెట్ ఉండాలి. 2024 ఫిబ్రవరి 14 నుంచి బాలి ప్రభుత్వం విదేశీ పర్యాటకుల నుంచి విడిగా తలకు 1,50,000 ఇండోనేషియా రూపాయలు వసూలు చేస్తోంది. ఇంతవరకు ఇబ్బంది లేదు.

కానీ ఈ వీసా మీద పని చేయకూడదు. యోగా నేర్పడం పనే. "నేను అక్కడ డబ్బు తీసుకోవడం లేదు, ఫీజు ఇండియాలోనే తీసుకున్నాను" అన్న వాదన అధికారి ముందు నిలుస్తుందని నమ్ముకోవద్దు. పర్యాటక వీసాతో పని చేస్తూ పట్టుబడిన విదేశీయులను బాలి నుంచి వెనక్కి పంపుతున్నారు, తిరిగి రాకుండా నిషేధం కూడా పెడుతున్నారు. క్లాసుల పోస్టర్ సామాజిక మాధ్యమాల్లో ఉంటే వేరే సాక్ష్యం వెతకనక్కర్లేదు.

దారి లేకపోలేదు. అక్కడి రిట్రీట్ కేంద్రాన్ని ముందే సంప్రదించి, తగిన వీసాకు స్థానిక స్పాన్సర్‌గా ఉండగలరా అని అడగండి. అందుకు వారాల సమయం పడుతుంది, ఖర్చూ ఉంటుంది. లేదంటే క్లాసులు స్థానిక టీచర్లకు అప్పగించి, మన టీచర్ బృందంతో పాటు పాల్గొనవచ్చు. నేను ఎక్కువగా ఈ రెండో దారే పడతాను. ఉబుద్‌లో చక్కగా నేర్పే బాలి టీచర్లు ఉన్నారు. వాళ్ల ఊరికి వెళ్లి వాళ్లకు పని ఇవ్వడం న్యాయం కూడా.

అపోహ: హిందువుల దీవి కదా, శాకాహారానికి లోటుండదు

బాలి ప్రజల్లో అత్యధికులు హిందువులే. కానీ పండుగకు పంది మాంసం వండుకునే హిందువులు. మన ఆచారంతో వాళ్ల వంటింటిని అంచనా వేయకూడదు.

శాకాహారానికి నిజంగా కరువేమీ లేదు. తెంపె అనే పులియబెట్టిన సోయా గింజల అట్టు, తహు అనే సోయా పనీరు, వేరుశనగ పచ్చడితో కలిపే గాడో గాడో కూరగాయలు, కొబ్బరి కోరుతో చేసే ఉరాప్ ప్రతి ఊళ్లో దొరుకుతాయి. చిక్కల్లా తెరాసితోనే. ఎండబెట్టి పులియబెట్టిన రొయ్యల ముద్ద అది. సంబల్ అనే కారప్పచ్చడి నూరేటప్పుడు చిటికెడు కాల్చి వేస్తారు. పచ్చడిలో రొయ్య కనిపించదు. వడ్డించేవారు "కూరగాయలే" అని నిజాయతీగానే చెబుతారు, వాళ్ల లెక్కలో తెరాసి మసాలా. అందుకే వంటవారికి "తన్పా తెరాసి, తన్పా ఇకాన్, తన్పా తెలుర్" అని చెప్పించాలి. తెరాసి లేకుండా, చేప లేకుండా, గుడ్డు లేకుండా అని. మూడూ విడివిడిగా చెప్పాలి. నేను ఇది ఇండోనేషియా భాషలో అచ్చు వేయించి ప్రతి ఒక్కరికీ కార్డు ఇస్తాను. బృందం వంట కోసం ప్రత్యేకంగా రోలు, మూకుడు పెట్టమని కేంద్రాన్ని అడిగినప్పుడు ఎవరూ విసుక్కోలేదు.

మన పెద్దవాళ్లకు నాలుగో రోజుకు పెరుగన్నం మీద మనసు పోతుంది. తియ్యగా లేని పెరుగు తెప్పించమని ముందే చెప్పి ఉంచండి. చింతపండు, పసుపు కలిపిన కున్యిత్ ఆసమ్ అనే జాము (సంప్రదాయ మూలికల) పానీయం మాత్రం మనవాళ్లకు మొదటి గుక్కకే నచ్చుతుంది. ఈ జాము సంప్రదాయానికి 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

అపోహ: ప్రకృతి సిద్ధమైనది కాబట్టి డిటాక్స్ ఎవరికైనా మంచిదే

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించే నమ్మకం ఇది. ఒంట్లో వ్యర్థాలను బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉంటాయి. మూడు రోజుల పళ్లరసం ఆ పనిని తన చేతుల్లోకి తీసుకోదు. ఆరోగ్యవంతులకు పెద్ద హాని జరగకపోవచ్చు. మధుమేహం ఉన్నవారి సంగతి వేరు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడుతూ భోజనం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులు వాడుతూ ఉపవాసం చేస్తే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదం ఉంది. బీపీ మాత్రలు వేసుకునేవారు ఆ ఉక్కపోతలో ఖాళీ కడుపుతో యోగా చేస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మన బృందాల్లో నలభై దాటినవారిలో ఏ మందూ వాడనివారు తక్కువ. కాబట్టి బుకింగ్ ఫారంతో పాటే ఆరోగ్య వివరాలు తీసుకోండి, ఉపవాసం, ఆవిరి స్నానం, గట్టి మసాజ్‌లకు వారి డాక్టరు అనుమతి అడగండి. "మందులు ఆపేయండి" అనే ఏ హీలర్ దగ్గరికీ బృందాన్ని తీసుకువెళ్లవద్దు.

ఆ మందుల విషయంలోనే ఇంకొకటి. ఇండోనేషియా మాదకద్రవ్యాల చట్టాలు చాలా కఠినం. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు తీసుకువెళ్లేవారు రాయబార కార్యాలయంతో ముందే సరిచూసుకోవాలి. అసలు ప్యాకింగ్, చీటీ, డాక్టరు లేఖ దగ్గర పెట్టుకోవాలి. గంజాయి నుంచి తీసిన సీబీడీ తైలం వెల్‌నెస్ వస్తువే కదా అని సంచిలో వేసుకుంటే జైలుకు దారి తీస్తుంది.

కోతుల గురించి కూడా చెప్పాలి. ఉబుద్ కోతుల అడవికి అందరూ వెళ్తారు. బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది. కుక్క గానీ కోతి గానీ కరిచినా, గీరినా సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు టీకా వేయించాలి. ఊరెళ్లాక చూద్దామని ఆగకూడదు.

అపోహ: మెలుకాత్ కూడా ఒక స్పా కార్యక్రమమే

తంపక్‌సిరింగ్‌లోని తీర్థ ఎంపుల్ గుడిలో నీటి ధారల కింద తలలు వంచి చేసే శుద్ధి స్నానం మెలుకాత్. అది వాళ్ల పూజ. సరోంగ్ కట్టుకోవాలి, నడుముకు గుడ్డ చుట్టుకోవాలి, నైవేద్యం పెట్టాలి. నెలసరిలో ఉన్న స్త్రీలు గుడిలోకి వెళ్లకూడదన్నది అక్కడి నియమం. ఈ మాట గుడి వాకిట్లో అందరి ముందు తెలియడం ఎంత ఇబ్బందో ఆలోచించండి. మహిళలకు ముందుగానే విడిగా చెప్పి, రాలేనివారి కోసం ఆ పూట మరో ఏర్పాటు చేయండి.

అపోహ: వానాకాలంలో వెళ్లకూడదు

నవంబరు నుంచి మార్చి వరకు వానలు. ఎక్కువ రోజులు కొన్ని గంటలు కురిసి తెరిపిస్తుంది. ధరలు తగ్గుతాయి, రద్దీ పలచబడుతుంది, దోమలు పెరుగుతాయి. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి ఉదయం క్లాసుకూ దోమల మందు రాసుకోవాలి. పైకప్పు ఉన్న యోగా మందిరం ఉంటే చాలు. సముద్రమే ముఖ్యమనుకుంటే మాత్రం ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపు చూసుకోండి.

అపోహ: ఉగాది సెలవులకు బాలి సరైన సమయం

బాలివారిదీ శక సంవత్సరమే. వాళ్ల కొత్త ఏడాది న్యెపి చాలాసార్లు మన ఉగాది రోజునో, దాని ముందురోజునో వస్తుంది. 2023లోనూ 2026లోనూ ఒకే రోజు వచ్చాయి. న్యెపి నాడు ఉదయం ఆరు నుంచి మర్నాడు ఆరు వరకు విమానాశ్రయం మూసేస్తారు. వీధిలోకి ఎవరూ రారాదు, దీపాలు కనిపించరాదు, మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేస్తారు. ఆ రోజున తిరుగు టికెట్ తీసుకోవాలని చూసేవారికి ఇది అవాంతరం. మౌన దినం కోరుకునే రిట్రీట్‌కు మాత్రం ఇంతకన్నా మంచి రోజు ఏడాదిలో దొరకదు. తేదీలు చూసుకుని రెండిట్లో ఏదో ముందే తేల్చుకోండి.

అపోహ: కోట్ చేసిన ధరే మొత్తం ధర

బాలి హోటళ్ల ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే, దాని మీద సర్వీసు చార్జీ, పన్ను కలిపి సాధారణంగా 21 శాతం పడుతుందని అర్థం. గది ధరకే కాదు, భోజనానికీ స్పాకూ అదే లెక్క. గమనించకుండా తలకింతని ఫీజు ప్రకటించిన నిర్వాహకులకు చివర్లో చేతి చమురు వదులుతుంది. ఇక్కడ ప్యాకేజీగా అమ్మితే టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) కూడా వసూలు చేయాలి. అది కట్టినవారు ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చని ముందే చెబితే గొడవ ఉండదు.

బీమా లేని మనిషిని బృందంలో చేర్చుకోవద్దు. 2017లో అగుంగ్ అగ్నిపర్వతం, 2024 నవంబరులో ఫ్లోరెస్ దీవిలోని లెవోతోబి బద్దలైనప్పుడు బాలి విమానాలు ఆగిపోయాయి. పాలసీలో అగ్నిపర్వతం వల్ల కలిగే ఆలస్యం ఉందో లేదో చదవండి. ద్విచక్ర వాహనానికి చెల్లే అంతర్జాతీయ లైసెన్సు లేకుండా స్కూటర్ నడిపి పడితే బీమా సంస్థ చికిత్స ఖర్చు ఇవ్వకపోవచ్చని బృందమంతటికీ రాతపూర్వకంగా చెప్పండి. అడ్వాన్సు కట్టే ముందు కేంద్రం నుంచి కూడా నాలుగు విషయాలు రాతలో తీసుకోండి: రద్దు చేస్తే ఏ తేదీ వరకు ఎంత తిరిగి ఇస్తారు, ధర ఏ కరెన్సీలో, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, రాత్రి వేళ వాహనం ఉంటుందా. నాలుగోదానికి సూటిగా జవాబు చెప్పని చోట నేను గదులు తీసుకోను.