చిన్నమ్మ బ్లాడర్‌కి బోటాక్స్ సూది

హన్మకొండలో హైదరాబాద్ బస్సెక్కాలంటే మా చిన్నమ్మ ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేసేది. పొద్దున చాయ్ కూడా ముట్టేది కాదు. అయినా స్టేషన్ ఘన్‌పూర్ దాటేసరికి మాటలు బంద్, కాళ్లు దగ్గరికి ముడుచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేది, జనగామ బస్టాండ్‌లో బస్సు ఇంకా ఆగకముందే పోయి డోర్ దగ్గర నిలబడేది. ఉరికినా సరే, ఒక్కోసారి బాత్రూం తలుపు గడియ తీసేలోపే అయిపోయేది. ఈ సంగతి నాకు చెప్పడానికి ఆమెకి నాలుగేళ్లు పట్టింది. బాబాయికి ఇప్పటికీ సగమే తెలుసు.

అన్నట్టు, ఆ నీళ్లు మానేయడమే పెద్ద పొరపాటు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, చిక్కటి మూత్రం బ్లాడర్‌ని (మూత్రాశయాన్ని) ఇంకా చికాకు పెడుతుంది, దానికి తోడు మలబద్ధకం, ఇన్ఫెక్షన్. మన ఆడవాళ్లలో చాలామంది ప్రయాణం అనగానే చేసే పని ఇదే.

డాక్టర్ మొదట అడిగింది ఒక్కటే ప్రశ్న: "దగ్గినప్పుడు పోతుందా, లేక ఉన్నట్టుండి వచ్చి ఆగక పోతుందా?" చిన్న ప్రశ్నలా ఉంది కానీ వైద్యం మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా కారితే అది కింద ఉండే కండరాల బలహీనత. కాన్పుల తర్వాత చాలామందికి వచ్చేది ఇదే, దీనికి బోటాక్స్ పనికిరాదు. రెండో రకంలో తప్పు బ్లాడర్ గోడదే. మామూలుగా ఆ కండరం 400 మిల్లీలీటర్ల దాకా నింపుకుని ఓపిగ్గా ఉండాలి, ఇక్కడ సగం కూడా నిండకముందే తనంతట తాను బిగుసుకుంటుంది. అదే ఓవర్ యాక్టివ్ బ్లాడర్. కొందరికి రెండూ కలిసి ఉంటాయి, అప్పుడు ఏది ఎక్కువ బాధపెడుతుందో తేల్చుకోవాలి.

మూడు రోజులు డైరీ రాయించారు, ఎప్పుడు ఎన్ని నీళ్లు తాగింది, ఎన్నిసార్లు పోయింది అని. కింది కండరాల్ని బిగించి వదిలే కెగెల్ వ్యాయామాలు నేర్పారు. చాయ్ రోజుకి ఐదు కప్పుల నుంచి రెండుకి దించారు (అన్నిటికన్నా కష్టమైంది ఇదే). తర్వాత సోలిఫెనాసిన్ గోళీలు. పని చేశాయి కానీ నోరు ఎండిపోయి అన్నం ముద్ద దిగేది కాదు. ఎందుకంటే బ్లాడర్‌ని బిగించమని చెప్పే రసాయనం, అసిటైల్‌కోలిన్, లాలాజల గ్రంథులకీ పేగులకీ కూడా అదే పని చెబుతుంది. గోళీ ఒంట్లో అంతటా తిరుగుతుంది కాబట్టి అన్నిచోట్లా అడ్డుపడుతుంది. మిరాబెగ్రాన్ అని ఇంకో రకం మందు ఉంది, అది వేరే దారిలో కండరాన్ని వదులు చేస్తుంది, నోరు ఎండదు కానీ బీపీ చూసుకుంటూ ఉండాలి. అదీ ఆమెకి చాలలేదు. అప్పుడు వచ్చింది బోటాక్స్ మాట.

"గది సినిమావాళ్లు ముఖానికేస్కునేది గాదే బిడ్డా? విషం అంటరు గదా?"

విషమే. మామూలు విషం కూడా కాదు, మనకి తెలిసినవాటిలో అతి ఘోరమైనది. 1820ల నాటికి జర్మనీలో జస్టినస్ కెర్నర్ అనే డాక్టరు, ఆయన కవి కూడా, పాడైన సాసేజ్‌లు తిని చచ్చిపోతున్నవాళ్ల కేసులు పోగేశాడు. సాసేజ్‌కి లాటిన్‌లో బొటులస్ అంటారు, పేరు అక్కడిదే. నరాలు అతిగా రెచ్చిపోయే జబ్బులకి ఇదే విషాన్ని చిటికెడు వాడొచ్చేమో అని ఆయన అప్పుడే రాశాడు. 1895లో బెల్జియంలో ఒక అంత్యక్రియలకి వచ్చిన బ్యాండువాళ్లు హామ్ తిని పడిపోతే, వాన్ ఎర్మెంగెమ్ అనే ఆయన ఆ మాంసంలోంచి ఈ విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియాని పట్టుకున్నాడు. కెర్నర్ ఊహ నిజం కావడానికి మాత్రం ఇంకో వందేళ్లు కావాల్సివచ్చింది: అమెరికాలో 1989లో మెల్లకన్నుకి అనుమతి వచ్చింది, ముడతలకి 2002లో. వెన్నుపూస దెబ్బలు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు లాంటివాటితో వచ్చే బ్లాడర్ సమస్యకి 2011లో, మా చిన్నమ్మలాంటివాళ్లకి 2013లో.

ఇది లోపల చేసే పని చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది. నరం కొసన అసిటైల్‌కోలిన్ బుల్లిబుల్లి సంచుల్లో కట్టి ఉంటుంది. కబురు రాగానే సంచి వచ్చి నరం అంచుకి అతుక్కుని విప్పుకోవాలి, అలా అతుక్కోవడానికి కొన్ని ప్రొటీన్లు పురికొసల్లా మెలేసుకోవాలి. వాటిలో ఒకదాని పేరు స్నాప్-25. ఈ విషం నరంలోకి దూరి ఆ ఒక్క కొసని కత్తిరిస్తుంది. సంచులు నిండుగానే ఉంటాయి, నరం బతికే ఉంటుంది, కండరమూ బాగానే ఉంటుంది, కబురు మాత్రం అందదు. గోళీ కబురు అందుకునే చోట అడ్డుపడితే, సూది పంపే చోటే ఆపేస్తుంది, అదీ గుచ్చిన చోటు వరకే. అందుకే నోరు ఎండదు. డోసు 100 యూనిట్లు, అంటే అసలు విషం గ్రాములో వంద కోట్ల వంతు కూడా ఉండదు.

ఆ రోజు ముందుగా ఇన్ఫెక్షన్ లేదని మూత్ర పరీక్ష, యాంటీబయాటిక్, తర్వాత బ్లాడర్ లోపలికి మత్తుమందు నీళ్లు పోసి అరగంట ఆగారు. మూత్రం దారిలోంచే సన్నటి కెమెరా గొట్టం పెట్టి, దాంట్లోంచి పొడవాటి సూదితో గోడ మీద సెంటీమీటరు ఎడం ఎడంగా 20 చోట్ల గుచ్చారు. కోత లేదు, కుట్టు లేదు. "చీమలు కుట్టినట్టున్నది, అంతే" అంది. అసలు సిగ్గే ఎక్కువ బాధపెట్టిందట.

మొదటి వారం ఏ తేడా లేదు, పైసలు వేస్ట్ అని నన్ను తిట్టింది. రెండో వారంలో ఒక రాత్రి ఒక్కసారే లేచింది. పూర్తిగా ఆగిపోతుందని ఎవరూ ఆశపెట్టుకోవద్దు. అనుమతికి ముందు జరిగిన పరీక్షల్లో రోజుకి సగటున ఐదుసార్లకి పైగా లీకయ్యేవాళ్లకి 12 వారాలకి అందులోంచి రెండున్నరసార్ల దాకా తగ్గాయి, ఉత్త సెలైన్ సూది వేసినవాళ్లకి తగ్గింది సుమారు ఒక్కసారే.

ఇక చెప్పక తప్పని సంగతి. కండరం మరీ వదులైపోతే మూత్రం పోయడమే రాదు, అట్లాంటివాళ్లు ఆ పరీక్షల్లో నూటికి ఆరుగురు దాకా ఉన్నారు. వాళ్లు కొన్నాళ్లు సన్న గొట్టంతో తామే ఖాళీ చేసుకోవాలి. ఇది ముందే చెప్పి, అవసరమైతే చేసుకుంటానని ఒప్పుకున్నాకే సూది వేయాలి, చెప్పని చోట వేయించుకోవద్దని నేనైతే అంటాను. మూత్రంలో ఇన్ఫెక్షన్లు కూడా పెరుగుతాయి, షుగర్ ఉన్నవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ. చిన్నమ్మకి షుగర్ ఉంది, అందుకే రెండు వారాలకి స్కాన్ చేసి లోపల ఎంత మిగిలిపోతోందో చూశారు. మిగిలింది తక్కువే కాబట్టి గొట్టం అవసరం పడలేదు, ఇన్ఫెక్షన్ మాత్రం ఒకసారి వచ్చి పోయింది.

కత్తిరించిన కొస మళ్లీ పెరుగుతుంది, అందుకే ఇది పనిచేసేది ఆరు నెలలకి అటూఇటూ, కొందరికి తొమ్మిది నెలల దాకా. మళ్లీ వేయించుకోవచ్చు కానీ 12 వారాలైనా ఎడం ఉండాలి. ప్రతిసారీ ఖర్చే, ముందే లెక్క వేసుకోవాలి.

చిన్నమ్మకి ఇప్పుడు ఏడో నెల. మొన్న ఫోన్ చేసి, "మళ్ల షురువైనట్టున్నదే, రాత్రి మూడుసార్లు లేచిన" అంది. బతుకమ్మ లోపలే రెండో సూది వేయించుకుంటుందట. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర అంత జనంలో బతుకమ్మ చేతిలో పట్టుకుని ఎక్కడికని ఉరకాలె, అని నన్నే అడుగుతోంది.