జాంబీలు, రక్తపిశాచాలు: శవపరీక్ష చేసే వైద్యుడు చెప్పే అపోహలు - వాస్తవాలు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇరవై ఏళ్లుగా శవపరీక్షలు చేస్తున్న ఫోరెన్సిక్ వైద్యుడిని నేను. పంచనామా కాగితాలు పట్టుకొని మార్చురీ బయట కూర్చునే కానిస్టేబుళ్లు ఈ మధ్య ఫోన్లలో ఎక్కువగా జాంబీ సిరీస్‌లే చూస్తున్నారు. వారిలో ఒకరు ఒకరోజు సంతకం పెట్టించుకుంటూ, "సార్, నిజంగ శవం ఇట్ల లేస్తదా?" అని అడిగారు. ఒక్క మాటలో లేదని చెప్పి పంపడం నాకు నచ్చలేదు. ఎందుకంటే రక్తపిశాచి కథ పుట్టిందే శవాన్ని కళ్లారా చూసి, చూసినదాన్ని తప్పుగా అర్థం చేసుకున్న మనుషుల భయంలో. ఆ భయానికి మా వృత్తిలో రోజూ సమాధానం కనిపిస్తుంది.

అపోహ: రక్తం తాగే శవం అనేది రచయితల కల్పన.

వాస్తవం: ఈ మాటకు నవలలకన్నా ముందు ప్రభుత్వ నివేదికలు ఉన్నాయి. 1725లో అప్పటి ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న సెర్బియాలోని ఒక పల్లెలో పేతర్ బ్లగోయెవిచ్ అనే రైతు చనిపోయిన తర్వాత మరో తొమ్మిది మంది వరుసగా చనిపోయారు. ఊరివాళ్లు పట్టుబట్టడంతో అధికారి ఎదుటే సమాధి తవ్వించారు. జుట్టు, గడ్డం, గోళ్లు పెరిగి ఉన్నాయని, పాత చర్మం ఊడి కొత్త చర్మం వచ్చిందని, నోట్లో తాజా రక్తం కనిపించిందని ఆ అధికారి రాసి పంపిన నివేదిక వియన్నా పత్రికలో అచ్చయింది. 1732లో మరో సెర్బియా గ్రామం గురించి సైనిక వైద్యుడు ఫ్లూకింగర్ ఇచ్చిన నివేదికతో వాంపైర్ (రక్తపిశాచి) అనే మాట యూరప్ అంతటా పాకింది. ఆ ఊళ్లో అర్నోల్డ్ పావ్లే అనేవాడి శవం గుండెలో మేకు దించినప్పుడు అది మూలిగిందని కూడా అందులో ఉంది.

ఆ అధికారులు అబద్ధం రాశారని నేను అనుకోను. అంతకుమించి, వాళ్లు చూసినదాన్నే నేనూ చూశాను. కొన్నేళ్ల కిందట పాలమూరు వైపు ఒక గ్రామంలో, చావుపై అనుమానం ఉందని బంధువులు ఫిర్యాదు చేయడంతో, పూడ్చిన పన్నెండు రోజులకు ఒక నడివయసు మనిషి శవాన్ని తహసీల్దారు సమక్షంలో వెలికి తీయించాం. చెలక గట్టున ఎర్రమట్టి తోడి, చుట్టిన బట్ట విప్పేసరికి కడుపు ఉబ్బి ఉంది. ముక్కులోంచి, నోట్లోంచి ముదురెరుపు ద్రవం చెంపల మీదికి కారి ఉంది. గడ్డం మాసి, పెరిగినట్టు కనిపించింది. కుడిచేతి చర్మం తొడుగులా జారిపోయి, దాని కింద లేత ఎరుపు పొర బయటపడింది. గట్టు మీద నిలబడ్డ ఒక పెద్దాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నిన్న సచ్చినట్టే ఉన్నడు, నెత్తురు గూడ ఆరలే" అన్నాడు. 1725 నాటి నివేదికలోని వాక్యాలు దాదాపు అవే.

అక్కడ జరిగింది ఇది. చావు తర్వాత పేగుల్లోని సూక్ష్మజీవులు శరీరాన్ని కుళ్లబెట్టే క్రమంలో వాయువులు పుట్టి కడుపును ఉబ్బిస్తాయి. ఆ ఒత్తిడికి, ఊపిరితిత్తుల్లో కుళ్లి పలుచబడ్డ రక్తం కలిసిన ద్రవం పైకి తన్నుకొచ్చి నోటి నుంచి, ముక్కు నుంచి కారుతుంది. అది ఎవరి రక్తమో తాగినందువల్ల వచ్చింది కాదు, ఆ మనిషి శరీరంలోదే. గోళ్లు, వెంట్రుకలు పెరగవు. వాటి చుట్టూ ఉన్న చర్మం తడి ఆరి వెనక్కి ముడుచుకోవడంతో పెరిగినట్టు అనిపిస్తాయి. కొత్త చర్మం అనుకున్నది పైపొర ఊడిపోగా బయటపడ్డ లోపలి పొర. మూలుగు విషయానికొస్తే, బల్ల మీద శవాన్ని ఒక పక్కకు తిప్పినప్పుడు ఛాతీలో మిగిలిన గాలి గొంతులోంచి తోసుకొచ్చి చేసే శబ్దాన్ని మా మార్చురీ సిబ్బంది అందరూ విన్నవారే. కొత్తగా చేరిన కుర్రవాడు మొదటిసారి విన్నప్పుడు వణికిపోవడం సహజం, నేనూ వణికాను. ఛాతీలో మేకు దించినా వచ్చేది అదే శబ్దం.

1755లో ఆస్ట్రియా రాణి మరియా తెరెసా తన వైద్యుడు వాన్ స్వీటెన్ విచారణను ఆధారం చేసుకుని, శవాలను తవ్వి తీసి మేకులు దించడాన్ని, కాల్చడాన్ని నిషేధించింది. ఒక వైద్యుడి మాట విని ఒక రాజ్యం ఆ పని ఆపించిన సంగతి మా విద్యార్థులకు పాఠంగా చెప్పదగినదని నా అభిప్రాయం.

అపోహ: రక్తపిశాచి మొదటినుంచీ కోటలో ఉండే అందమైన దొర, ఎండ తగిలితే బూడిదవుతాడు.

వాస్తవం: పల్లెల్లో చెప్పుకున్న రక్తపిశాచి ఉబ్బిన శరీరమున్న రైతు. అతడికి దొర వేషం వేసింది, విచిత్రంగా, ఒక వైద్యుడే: కవి బైరన్ దగ్గర పనిచేసిన జాన్ పొలిడోరి 1819లో అచ్చయిన కథలో. 1897లో వచ్చిన డ్రాకులా నవలలో ఆ దొర పగలు కూడా తిరుగుతాడు, శక్తి మాత్రం తగ్గుతుంది. ఎండ తగిలి నశించడం 1922 నాటి జర్మన్ మూకీ చిత్రంతో వచ్చిన మార్పు. సినిమాకు వెలుతురుతో ముగింపు చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి అది నిలిచిపోయింది.

అపోహ: గబ్బిలాలు రక్తం తాగుతాయి.

వాస్తవం: రక్తం తాగే గబ్బిలాలు మూడు జాతులే. అవన్నీ మెక్సికో మొదలు దక్షిణ అమెరికా వరకు ఉన్నవి. మన మర్రిచెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలు పండ్లు తింటాయి.

అపోహ: రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తయారీలో లోపం వల్ల వచ్చే పోర్ఫిరియా అనే జబ్బున్నవారే రక్తపిశాచులు.

వాస్తవం: 1985లో ఒక రసాయన శాస్త్రవేత్త చేసిన ఈ ప్రతిపాదన పత్రికల్లో విపరీతంగా ప్రచారమైంది. పోర్ఫిరియా రోగులకు రక్తం తాగాలనిపించదు, తాగినా వారి జబ్బు తగ్గదు. ఈ మాట వల్ల ఆ రోగులకు జరిగిన అవమానమే మిగిలింది. నిజంగా ఈ నమ్మకాన్ని పెంచిన జబ్బు క్షయ. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు చిక్కి, దగ్గుతో నెత్తురు కక్కి చనిపోతుంటే, ముందు పోయినవారే మిగిలినవారి ప్రాణం లాగేస్తున్నారని అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ పల్లెల్లో నమ్మారు. 1892లో రోడ్ ఐలండ్‌లో మెర్సీ బ్రౌన్ అనే 19 ఏళ్ల యువతి శవాన్ని బయటకు తీసి, గుండె కాల్చి, ఆ బూడిదను జబ్బుపడ్డ అన్న చేత తాగించారు. అతడు రెండు నెలల్లోపే చనిపోయాడు. క్షయ సూక్ష్మజీవిని జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ కనిపెట్టింది 1882లో, అంటే పదేళ్ల ముందే. మన పల్లెల్లో వరుస చావుల నింద ఎదురింటి ముసలమ్మ మీద పడి, బాణామతి పేరుతో ఆమెను కొట్టి చంపితే ఆ శరీరం మా బల్ల మీదికి వచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ఈ కథను నేను అమెరికా కథగా చదవలేను.

అపోహ: జాంబీ మొదటినుంచీ మనుషుల్ని పీక్కుతినే శవం.

వాస్తవం: జాంబీ పుట్టినిల్లు హైతీ. చెరకు తోటల్లో ఫ్రెంచి దొరల కింద బానిసలుగా నలిగిన ఆఫ్రికా సంతతివారి నమ్మకంలో జాంబీ ఎవరినీ తినదు. చచ్చాక కూడా విముక్తి లేక, మంత్రగాడి ఆజ్ఞకు లోబడి చాకిరీ చేసే శరీరం అది. 1915లో అమెరికా సైన్యం హైతీని ఆక్రమించాక ఈ కథలు అమెరికాకు చేరి 1932లో తొలి జాంబీ సినిమా వచ్చింది. మాంసం తినే గుంపులను తెచ్చింది 1968లో జార్జ్ రొమెరో తీసిన సినిమా. అందులో జాంబీ అన్న మాట ఒక్కసారి కూడా వినిపించదు. పంపిణీదారులు పేరు మార్చినప్పుడు కాపీరైట్ ప్రకటన జారిపోవడంతో దాన్ని ఎవరైనా ఉచితంగా ప్రదర్శించే వీలు కలిగింది. జాంబీ ఇంతగా వ్యాపించడానికి అదీ ఒక కారణం.

ఇక ఆ నడక. చావు తర్వాత కండరాలు కొన్ని గంటల్లో బిగుసుకుంటాయి, మన వేసవిలో ఇంకా త్వరగా. ఒకటి రెండు రోజుల్లో కుళ్లడంతో ఆ బిగువు సడలుతుంది. శక్తినిచ్చే రసాయనం తయారవడం ఆగిపోయిన కండరం అడుగు వేయించలేదు. తెర మీద భయపెట్టడానికి వాడే వంగిన నడుమును, ఈడ్చే కాలును మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయిన పెద్దల్లో నేను చూశాను. ఆ నడకను భయంకరమని పిల్లలకు నేర్పడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: ఇలాంటివి మనకు లేవు, అంతా విదేశీ సరుకే.

వాస్తవం: శవంలో చేరి మాట్లాడే బేతాళుడు మనవాడే. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు సంస్కృతంలో కూర్చిన కథాసరిత్సాగరంలో ఉన్న ఆ కథలను చందమామ ఇంటింటికీ చేర్చింది. అయితే మనలో చాలామంది దహనం చేస్తారు గనుక తవ్వి చూడటానికి శరీరం మిగలదు. మన దయ్యాలు ఎక్కువగా గాలిలా, నిప్పులా కనిపించడానికి ఇదే కారణమని నా ఊహ.

అపోహ: కాటు పడిందంటే మనిషి పని అయిపోయినట్టే.

వాస్తవం: ఈ ఒక్క అపోహ ప్రాణం తీస్తుంది. కాటు, నురగ, వెర్రి ఆవేశం అనే జాంబీ లక్షణాలు రేబిస్‌ను తలపిస్తాయి. రేబిస్ లక్షణాలు మొదలైతే బతకడం దాదాపు అసాధ్యం. కానీ కాటుకూ లక్షణాలకూ మధ్య సాధారణంగా వారాల వ్యవధి ఉంటుంది. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా, గాయాన్ని బట్టి ఇమ్యూనోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే రక్షక పదార్థాల సూది) తీసుకుంటే జబ్బు రాకుండా ఆపవచ్చు.

పోయిన వేసవిలో దేవరకొండ వైపు నుంచి పదకొండేళ్ల పిల్లవాడిని తల్లి క్యాజువాలిటీకి తీసుకొచ్చింది. పిక్క మీద కుక్క కాటు, రెండు రోజుల పాతది. తోటి పిల్లలు, "నువ్వు జాంబీ అయితవు, అమ్మను గూడ కొరుకుతవు" అనడంతో ప్యాంటు కింద దాచిపెట్టుకున్నాడట. డ్యూటీలో ఉన్న మా సహోద్యోగి గాయం కడిగి, గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్, భుజానికి టీకా వేశారు. పిల్లవాడు తల్లికి దూరంగా, బెంచీ చివర కూర్చున్నాడు. కొరకవు అని ఆమె పక్కకు వచ్చి కూర్చున్నా జరిగిపోయాడు. ఇరవై ఎనిమిదో రోజు చివరి సూదికి వచ్చినప్పుడు ఆమె ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతున్నాడు.