వెనకాల ఏం కట్టారు?

బండి కనిపిస్తే చాలు, మన తెలుగువాళ్ళం మొదట అడిగేది "మైలేజీ ఎంతిస్తుంది?" అని. టెక్సస్‌లో మా పక్కింటి పెద్దాయన దగ్గర ఒక పెద్ద డీజిల్ పికప్ ట్రక్కు ఉంది. నేనూ అదే అడిగాను. "వెనకాల ఏం కట్టినప్పుడు?" అని ఆయన నన్నే తిరిగి అడిగారు. ఆయన తప్పించుకోవడానికి అలా అన్నారనుకున్నాను. లెక్క వేసి చూస్తే అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500, షెవ్రొలే సిల్వరాడో 2500 లాంటివాటిని అమెరికాలో హెవీ డ్యూటీ పికప్‌లంటారు. డీజిల్ రకాల్లో ఇంజిను ఆరున్నర లీటర్ల పైమాటే. ఖాళీ బండే మూడు టన్నులు దాటుతుంది. షోరూమ్‌లో మామూలు కారు అద్దానికి మైలేజీ స్టిక్కరు ఉంటుంది, వీటికి ఉండదు. లోడుతో కలిపి బండి గరిష్ఠ బరువు 8,500 పౌండ్లు, అంటే సుమారు 3,850 కిలోలు దాటితే ఆ స్టిక్కరు తప్పనిసరి కాదు. 2014 మోడళ్ళ నుంచి కంపెనీలకు ఇంధన పరిమితులు పెట్టారు కానీ, కొనేవాళ్ళకు చెప్పే అంకె మాత్రం లేదు. ఎక్కువ తాగే బండికే లెక్క చెప్పకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అందుకే ఓనర్లు సొంతంగా కొలుచుకుంటారు. పద్ధతి మనకు తెలిసిందే. ట్యాంక్ ఫుల్ చేయించి, మీటర్ రాసుకుని, మళ్ళీ ఫుల్ చేయించినప్పుడు పట్టిన డీజిల్‌తో భాగించడం. 360 మైళ్ళకు 20 గ్యాలన్లు (అమెరికా గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు) పడితే గ్యాలన్‌కు 18 మైళ్ళు, మన లెక్కలో లీటరుకు 7.65 కిలోమీటర్లు. డ్యాష్‌బోర్డు కూడా ఒక అంకె చూపిస్తుంది, కానీ అది ఇంజిన్‌లోకి ఎంత డీజిల్ చిమ్మామో కంప్యూటర్ వేసుకున్న అంచనా మాత్రమే. చేతి లెక్కకూ ఒక చిక్కుంది. డీజిల్ పోస్తుంటే నురగ కడుతుంది. ఆ నురగ తగలగానే బంకులో గన్ టక్కున ఆగిపోతుంది. పెద్దాయన అక్కడే ఓపిగ్గా నిలబడి, నురగ దిగాక మళ్ళీ నొక్కుతారు. ఇంకా పడుతుంది. 20 గ్యాలన్లలో ఒక్క గ్యాలన్ తేడా వచ్చినా లెక్క 5 శాతం తప్పుతుంది. అందుకే ఒక్క ట్యాంకు అంకెను నమ్మకూడదు, నాలుగైదు ట్యాంకుల సగటు చూడాలి.

హైవే మీద ఖాళీగా వెళితే ఈ బండ్లు సాధారణంగా గ్యాలన్‌కు 16 నుంచి 20 మైళ్ళు ఇస్తాయి. వెనకాల ఇల్లు లాంటి ట్రైలర్ కడితే 8 నుంచి 11కి పడిపోతాయి. బరువు వల్లే అనుకుంటాం. చదును రోడ్డు మీద అసలు దొంగ గాలి. ఆ ట్రైలర్ వెడల్పు రెండున్నర మీటర్లు, ఎత్తు నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. ఒక గోడను గాలిలోంచి నెట్టుకుంటూ పోవడమే అది. అంతే బరువున్న ఇనుప కమ్మీలను పొట్టి ట్రైలర్ మీద పరిచి లాగితే ఇంత డీజిల్ కాలదు.

గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లు. గంటకు 65 మైళ్ళ నుంచి 75కి వెళితే వేగం పెరిగేది 15 శాతం, గాలి అడ్డు పెరిగేది 33 శాతం. టెక్సస్‌లోనే ఆస్టిన్ దగ్గర 130వ నంబరు టోల్ రోడ్డు మీద 85 మైళ్ళ వేగానికి అనుమతి ఉంది. అక్కడ అడ్డు 65లో ఉన్నదానికి 1.7 రెట్లు.

బరువు సంగతి ఘాట్ రోడ్డులో తెలుస్తుంది. కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నగరం 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి పడమరగా వెళ్ళే హైవే 3,400 మీటర్ల ఎత్తున ఐసెన్‌హోవర్ సొరంగం దాకా ఎక్కుతుంది. బండీ ట్రైలరూ కలిపి 9 టన్నులనుకుందాం. డీజిల్‌లోని శక్తిలో మూడో వంతు పైచిలుకు చక్రాలకు చేరుతుందనుకుంటే, కేవలం ఆ బరువును పైకెత్తడానికే 12 లీటర్లు పైగా కావాలి. గాలి, టైర్ల ఖర్చు వేరే. దిగేటప్పుడు ఇంజిన్‌కు డీజిల్ దాదాపు అక్కర్లేదు కానీ, ఎక్కేటప్పుడు పెట్టిన శక్తిలో చాలా భాగం బ్రేకుల్లో వేడిగా పోతుంది.

కంటికి కనపడని ఖర్చు ఇంకోటి ఉంది. 2007 నుంచి ఈ బండ్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ వచ్చింది. అది నిండినప్పుడు దాదాపు 600 డిగ్రీల వేడితో మసిని కాల్చేయాలి. ఆ వేడి కోసం బండి అదనంగా డీజిల్ వాడుకుంటుంది. ఏ మార్పూ చేయకుండానే ఆ కాసేపు డ్యాష్‌బోర్డులో మైలేజీ జారిపోతుంది. కొత్తగా కొన్నవాళ్ళకు అది చూసి టెన్షన్. నిజానికి ఆ ఫిల్టర్ మన ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాల్సిన మసిని ఆపుతోంది, ఆ డీజిల్ దండగ కాదు. దండగంతా ఇంజిన్ ఆపకుండా ఊరికే నిలబెట్టడంలో ఉంది. గంటకు అర గ్యాలన్ దాకా కాలుతుంది, ఒక్క మైలు కదలదు, పైగా ఫిల్టర్ త్వరగా నిండుతుంది.

గ్యాలన్‌కు ఎన్ని మైళ్ళనే కొలతే కాస్త మోసం చేస్తుందని డ్యూక్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో చూపించారు. తిరగేసి, వంద మైళ్ళకు ఎన్ని గ్యాలన్లని చూడండి. ఖాళీ బండి 18 నుంచి 22కి పెరిగితే వంద మైళ్ళకు మిగిలేది ఒక గ్యాలన్. ట్రైలర్‌తో 9 నుంచి 11కి పెరిగితే మిగిలేది రెండు గ్యాలన్లు. పెరుగుదల సగమే, పొదుపు రెట్టింపు. అంటే యాక్సిలరేటర్ మీంచి కాలు కాస్త పైకెత్తి నెమ్మదిగా పోవాల్సింది ట్రైలర్ లాగుతున్నప్పుడే.

పెద్దాయన సీటు పక్కన చిన్న నోట్‌బుక్ ఉంటుంది. మైళ్ళు, గ్యాలన్లు, వెనకాల ఏం కట్టారు, ఎంత వేగంతో వెళ్ళారు, గాలి ఎటు వీచింది అని ఐదు గళ్ళు. మైలేజీకి విడిగా గడి లేదు.