షంటింగ్ యార్డులో లెక్కలు

"ఇన్‌ఫిక్స్‌ని పోస్ట్‌ఫిక్స్‌లోకి మార్చమని ప్రతి పరీక్షలోనూ అడుగుతున్నారు. గుర్తుని తీసుకెళ్లి చివర పెడితే ఒరిగేదేమిటండీ?" అని మధురవాడ నుంచి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు అడిగాడు.

ఒరిగేది ఉంది. 3 + 4 అని గుర్తుని అంకెల మధ్య రాస్తే ఇన్‌ఫిక్స్, 3 4 + అని చివర రాస్తే పోస్ట్‌ఫిక్స్. 2019లో 8 ÷ 2(2 + 2) అనే లెక్క మీద ఇంటర్నెట్‌లో పెద్ద రగడ జరిగింది. సగం మంది 16 అన్నారు, సగం మంది 1 అన్నారు. పోస్ట్‌ఫిక్స్‌లో ఆ గొడవకి చోటే లేదు. 16 కావాలంటే 8 2 ÷ 2 2 + × అని రాయాలి, 1 కావాలంటే 8 2 2 2 + × ÷ అని రాయాలి. ఒక వరసకి ఒకటే అర్థం, బ్రాకెట్ల అవసరం లేదు. పోలండ్ తర్కశాస్త్రవేత్త యాన్ వుకషేవిచ్ 1924లో తర్కవాక్యాల కోసం గుర్తుల్ని ముందుకు జరిపాడు. అది ప్రీఫిక్స్. వెనక్కి జరిపితే పోస్ట్‌ఫిక్స్. మనం మాట్లాడేది కూడా దాదాపు ఇలాగే: "ఆరులోంచి రెండు తీసెయ్" అంటాం. అంకెలు ముందు, పని చివర.

మార్చే పద్ధతిని 1961లో డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా వివరించాడు. దాని పేరే షంటింగ్ యార్డ్, అంటే రైలు పెట్టెల్ని విడదీసి వరస మార్చే చోటు. క్లాసులో మూడు గళ్ల పట్టిక గీయించి బట్టీ పట్టిస్తారు గానీ, ఒక్కరూ పట్టాలు గీయరు! వైజాగ్ పిల్లలకి ఇది చెప్పడం ఎంత తేలిక! హౌరా నుంచి చెన్నై వైపు వెళ్లే చాలా బళ్లు మన స్టేషన్‌లో ఇంజను మార్చుకుని తిరగబడి బయల్దేరతాయి. చివరి పెట్టె మొదటిదవుతుంది. సైడింగ్ (మెయిన్ లైన్ పక్కన ఒకవైపు మూసి ఉండే పట్టా) కూడా అంతే, చివర వెళ్లింది ముందు బయటికొస్తుంది. కంప్యూటర్ వాళ్లు దాన్నే స్టాక్ అంటారు.

3 + 4 × (6 − 2) ఒక గూడ్సు బండి అనుకోండి. అంకెలు మెయిన్ లైన్‌లో ఆగకుండా వెళ్లిపోతాయి, గుర్తులు సైడింగ్‌లోకి మళ్లుతాయి. 3 వెళ్లింది. + సైడింగ్‌లోకి. 4 వెళ్లింది. × వచ్చింది. సైడింగ్ మొగలో ఉన్న + దీనికంటే చిన్నది, అంటే × తర్వాత చేసేది, కాబట్టి × దాని ముందు నిలబడింది. తర్వాత ( వచ్చింది. దానికి ఎక్కువ తక్కువలు లేవు, నేరుగా లోపలికే. 6 వెళ్లింది. − వచ్చింది. మొగలో ( అడ్డంగా ఉంది, దాని వెనకున్న వాటిని కదిపే వీల్లేదు కాబట్టి − కూడా లోపలికి. 2 వెళ్లింది. ) రాగానే ( తగిలేదాకా ఉన్నవన్నీ బయటికి రావాలి. − వచ్చింది, బ్రాకెట్లు రెండూ పోయాయి. బండి అయిపోయింది కాబట్టి మిగిలిన ×, + వరసగా వచ్చేశాయి. మొత్తం 3 4 6 2 − × +.

ఇప్పుడు లెక్క చెయ్యాలి. ఈసారి సైడింగ్‌లో ఆగేవి అంకెలు. 3, 4, 6, 2 లోపలికెళ్లాయి. − వచ్చి చివరి రెండింటినీ లాగింది. ముందు బయటికొచ్చిన 2ని రెండోదిగా పెట్టాలి, 6 − 2 చెయ్యాలి, 2 − 6 కాదు. వచ్చిన 4ని మళ్లీ లోపలికి తోసింది. ×తో 16, +తో 19. 1972లో వచ్చిన హెచ్‌పీ-35 కాలిక్యులేటర్‌ని ఇలాగే నొక్కాలి. దానిమీద = మీటే లేదు.

+, − లాంటి సమాన హోదా ఉన్న గుర్తులు ఎదురైతేనో? ఇక్కడే బోడ్‌మాస్ అనే మూఢనమ్మకం బయటపడుతుంది. అందులో కూడికకి గుర్తైన ఎ అక్షరం తీసివేతకి గుర్తైన ఎస్ కంటే ముందుంది కాబట్టి కూడిక ముందు చెయ్యాలని చాలామంది నమ్ముతారు. అలా చేస్తే 10 − 4 + 3 విలువ 3 వస్తుంది, అది తప్పు. యార్డులో + వచ్చేసరికి − మొగలో ఉంటుంది. రెండూ సమానం కాబట్టి ముందొచ్చినది ముందు బయటికెళ్లాలి: 10 4 − 3 +, జవాబు 9. − ని లోపలే ఉంచేస్తే 10 4 3 + − అవుతుంది, అదే తప్పు 3 మళ్లీ వస్తుంది.

ఘాతానికి మాత్రం రూలు తిరగబడుతుంది. 2 ^ 3 ^ 2 అంటే రెండు పైన మూడు, మూడు పైన రెండు. ముందు పైది చెయ్యాలి, 2 ^ 9 అంటే 512. కాబట్టి రెండో ^ వచ్చినప్పుడు మొదటిదాన్ని కదపకూడదు. 2 3 2 ^ ^ అని రావాలి. కదిపితే 2 3 ^ 2 ^ అయి 64 దగ్గర ఆగిపోతుంది.