కళ్ళు తెరవకముందే పడే తీగ: ఎన్‌ఐసీయూ లైట్ల గొడవ వెనక

బెంగళూరులో ఒక ఆసుపత్రి పిల్లల వార్డు బయట బెంచీల మీద ఈ గొడవ మళ్ళీ లేచింది. రాత్రిళ్ళు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్‌లో) లైట్లు తగ్గించాలా, అక్కర్లేదా? మారతహళ్ళిలో ఉంటున్న అనంతపురం దంపతుల బిడ్డ ఏడో నెలలోనే పుట్టింది. ఇన్‌క్యుబేటర్ మీద దుప్పటి మడతపెట్టి కప్పుతారు. రక్తం తీసేటప్పుడు దాన్ని పక్కన పెడతారు, ఒక్కోసారి మళ్ళీ కప్పడం మర్చిపోతారు. రాత్రి రెండింటికి పాలు పిండి తెచ్చిన తల్లి, నెత్తిమీద ట్యూబ్‌లైట్లన్నీ వెలుగుతుండటం చూసి అడిగింది. "బిడ్డకింకా చూపే రాలేదమ్మా, లైటుంటే ఏంటి, లేకపోతే ఏంటి?" అన్నారు సిస్టర్లు.

ఆ జవాబు ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

నిద్ర, మెలకువల వేళలు నడిపే గడియారం ఒకటి ఒంట్లో ఉందని, 2017 నోబెల్ దాని జన్యువులకే వచ్చిందని చాలామంది చదివే ఉంటారు. అదంతా వదిలేద్దాం. మనకు కావలసిన సంగతి 1972 నాటిది. కంటి నుంచి మెదడులోని ఆ గడియారానికి నేరుగా వెళ్ళే నాడీమార్గం ఉందని ఆ ఏడాది ఎలుకల్లో బయటపడింది. చూపు నాడితోనే కలిసి బయల్దేరి, రెండు కళ్ళ నాడులు కలిసే చోట విడిపోయి, సరిగ్గా దాని మీదే కూర్చున్న గడియారంలోకి వెళ్ళే సన్నని పాయ అది. మరి ఆ పాయలోకి వెలుతురు కబురు వేసేదెవరు? కంట్లో చూపుకు పనిచేసే కణాలు రాడ్లు, కోన్లు తప్ప ఇంకెవరుంటారు అనుకుని ఊరుకున్నారు. అవి దాదాపు అన్నీ చచ్చిపోయిన చిట్టెలుకలు కూడా పగలూ రాత్రీ తేడా పట్టేస్తున్నాయని 1991లో రసెల్ ఫోస్టర్ బృందం చూపిస్తే, కంటి శాస్త్రం చదివినవాళ్ళలో చాలామందికి మింగుడు పడలేదు.

నా లెక్కలో అసలు మలుపు 2002. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బెర్సన్ బృందం ఎలుకల మెదడులో గడియారం ఉన్నచోట మెరిసే రంగు పూసలు ఎక్కించింది. కంటికి కనిపించనంత చిన్న పూసలవి. నాడీతీగల వెంట అవి వెనక్కి నడిచి కంటి లోపలి తెర, రెటీనా చేరాయి. అక్కడ ఏ కణం మెరిస్తే అది గడియారానికి తీగ వేసిన కణమన్నమాట. తర్వాత రాడ్లు, కోన్ల నుంచి వచ్చే కబుర్లన్నిటినీ మందులతో ఆపేసి దీపం వేశారు. కణం పలికింది. చుట్టుపక్కల కణాల నుంచి విడదీసి ఒంటరిని చేశారు. అప్పుడూ పలికింది. తాపీగా మొదలై, దీపం ఆర్పాక కూడా కాసేపు సాగే పలుకు అది. బొమ్మ చూడటానికి దానితో పనికాదు కానీ, పొద్దు ఎంత ఎక్కిందో చెప్పడానికి చాలు.

ఆ కణాల్లో వెలుతురును పట్టే పదార్థం పేరు మెలనాప్సిన్. ఇగ్నాసియో ప్రొవెన్సియో 1998లో దాన్ని మొదట కనిపెట్టింది కప్ప చర్మపు కణాల్లో. 480 నానోమీటర్ల చుట్టూ ఉన్న నీలి వెలుతురుకి అది బాగా లేస్తుంది. (కామెర్లొచ్చిన పసిపిల్లల్ని "లైట్ల కింద పెట్టే" నీలి దీపాలు 460 నుంచి 490 మధ్యవే. కంటికి కట్టిన గంత జారితే ఊరుకోకుండా సిస్టర్‌ని పిలవండి.)

ఇక పసికూనల సంగతి. చిట్టెలుక పిల్ల కళ్ళు తెరిచేది రెండు వారాలకి. రాడ్లు, కోన్ల కబురు రెటీనా దాటేది దాదాపు పదో రోజున. మెలనాప్సిన్ కణాలు మాత్రం పుట్టిన రోజునుంచే వెలుతురుకి పలుకుతాయని 2004, 2005ల్లో తేలింది. 2010లో ఇంకా ముచ్చటైన ప్రయోగం వచ్చింది. కళ్ళు తెరవని ఆరు రోజుల కూన మీద దీపం వేస్తే అది పక్కకి తిరిగి తప్పుకుంది. మెలనాప్సిన్ లేని కూనకి చీమ కుట్టినట్టయినా లేదు.

కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ గడియారం తల్లి వేళలనే పట్టుకుని నడుస్తుందని 1983లోనే రెపర్ట్, ష్వార్ట్జ్ ఎలుకల్లో చూపించారు. ఏడో నెలలో బయటపడ్డ బిడ్డకి ఆ వేళ తెగిపోతుంది. తర్వాత దిక్కు గదిలో వెలుతురే. ఎలుక వేరు, మనిషి వేరు అంటారా? హావో, రివ్‌కీస్ 1999లో నెలలు నిండని బబూన్ పిల్లల్ని చూశారు. మనిషి లెక్కలో 24 వారాలకు సమానమైన దశలో కూడా రాత్రి వెలుతురు పడితే గడియారం కదిలింది. చూపు రాకపోవడం నిజమే కావచ్చు, ఆ రాత్రి తల్లి అడిగింది చూపు గురించి కాదు.

సిస్టర్ల మాటలోనూ న్యాయం ఉంది. ఒళ్ళు నీలంగా మారితే కనపడాలి, వెంట్రుకంత నరం దొరకాలి. నవజాత వార్డుల డిజైన్ ప్రమాణాలు మాత్రం వెలుతురును 10 నుంచి 600 లక్స్ (వెలుతురు కొలత) వరకు మార్చుకునేలా ఉంచమంటాయి. పని ఉన్న మంచం దగ్గర విడిగా లైటు వేసుకోవచ్చు. రోజంతా చీకటిగా ఉంచే పద్ధతికి మూలం వేరే భయం. వెలుతురు రెటీనాను పాడుచేస్తుందని 1985లో ఒక అధ్యయనం అనుమానించింది. కళ్ళకు వెలుతురు తగ్గించినా ఆ జబ్బు తగ్గలేదని 1998లో పెద్ద పరీక్ష తేల్చేసింది.

పగలు వెలుతురు, రాత్రి మసక అన్న పద్ధతిని 1986లోనే ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో నెలలు నిండని 41 మంది పిల్లల మీద చూశారు. రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా వెలుతురు, చప్పుడు రెండూ తగ్గించిన గదిలోని పిల్లలు, పుట్టవలసిన తేదీ దాటిన మూడు నెలలకి రోజుకు రెండు గంటలు ఎక్కువ నిద్రపోయారు, అర కిలో ఎక్కువ తూగారు. చిన్న పరీక్షే. తర్వాతి అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా గట్టిగా చెప్పడానికి ఆధారం చాలదంది. నాటింగ్‌హామ్ పిల్లల్లో తేడా స్పష్టంగా తేలింది వార్డులో కాదు, ఇంటికి వెళ్ళాకే.

మారతహళ్ళి ఫ్లాట్‌కి అనంతపురం నుంచి అమ్మమ్మ ముందే దిగింది. పురిటి గదిలో గాలి తగలకూడదని కిటికీలకు దుప్పట్లు కట్టేసింది, పట్టపగలే చీకటి. అల్లుడికి అమెరికా కాల్స్ కాబట్టి హాల్లో లైటు రాత్రి ఒంటిగంట దాకా వెలుగుతూనే ఉంటుంది. డిశ్చార్జి ఎప్పుడో ఇంకా చెప్పలేదు.