ఎస్‌ఎస్‌డీ ఇప్పుడే కొనేదా, ఆగేదా?

2023లో ఎస్‌ఎస్‌డీ (కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్ బదులు వేసుకునే, చిప్పులతో చేసిన డ్రైవ్) కొనుక్కున్నవాళ్లను చూసి ఇప్పుడు కొనబోయేవాళ్లు కుళ్లుకునే రోజులివి. అప్పుడు ధరలు అడుగంటాయి. 2025 చివర్లో మొదలైన పెరుగుదల మాత్రం చుక్కలు చూపిస్తోంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో పీజీ చేస్తున్న మా చిన్నాన్న కొడుకు పాత లాప్‌టాప్ పట్టుకొచ్చి, "అన్నా, ఇప్పుడే కొనేసేదా, కొన్నాళ్లు ఆగేదా?" అన్నాడు. ధర సంగతి తర్వాత, ముందు దాంట్లో ఇప్పుడేముందో చూద్దాం అన్నాను. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఉన్నది నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్‌డిస్క్. దానిలో అయస్కాంత పూత ఉన్న పళ్లెం తిరుగుతూ ఉంటుంది. చదివే హెడ్ కావలసిన వరస మీదికి జరిగి, సమాచారం ఉన్న చోటు తన కిందికి వచ్చేదాకా కాచుకోవాలి. పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి సగటున అర చుట్టు ఎదురుచూపు. హెడ్ జరగడానికి ఇంకో పది, పన్నెండు. మొత్తం కలిపితే సెకనుకు అరవై చోట్లు చదివితే గొప్ప. విండోస్ లేచేటప్పుడేమో డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలు వేలకొద్దీ కావాలి. స్విచ్ వేసి టీ తాగి వచ్చినా తెర మీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉండడానికి కారణం ఇదే. ప్రాసెసర్ ఖాళీగానే కూర్చుని ఉంటుంది పాపం.

ఎస్‌ఎస్‌డీలో కదిలేది ఏదీ లేదు. తోషిబాలో ఫుజియో మసువోకా 1980లలో రూపొందించిన ఫ్లాష్ మెమరీయే దీనికి ఆధారం. చుట్టూ విద్యుత్తు పోనివ్వని పొర ఉన్న అతిచిన్న గదిలో ఎలక్ట్రాన్లను బంధించి పెడతారు. అక్కడ ఎంత విద్యుదావేశం ఉందో కొలిస్తే అదే సమాచారం. ఒక చోటు చదవడానికి దాదాపు 0.1 మిల్లీసెకను. ఒకదాని తర్వాత ఒకటి చదివినా సెకనుకు పదివేలు. అరవైకీ పదివేలకీ ఉన్న ఈ తేడా ఏ చవకరకం ఎస్‌ఎస్‌డీ వేసినా వచ్చేస్తుంది.

ఆ తర్వాతి మెట్లు ఇంత పెద్దవి కావు. సాటా అనే పాత పద్ధతిలో కంప్యూటర్‌కు కలిసే రకం సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతే, ఎన్‌వీఎంఈ అనే కొత్త పద్ధతి రకాలు 3,500, 7,000, ఇప్పుడు 14,000 దాకా వెళ్తున్నాయి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసేది ఈ అంకెనే. కానీ అది పెద్ద ఫైలును వరసగా చదివేటప్పటి వేగం. చిన్న ముక్కలు చదివేటప్పుడు అంత తేడా ఉండదు, పైగా అప్పటికి అడ్డం పడేది ప్రాసెసరే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లను వదిలేస్తే, రాబోయే తరం కోసం ఆగడం నాకు వృథా అనిపిస్తుంది.

మరి ధర తగ్గేదాకా ఆగితే? మదనపల్లె టమోటా మార్కెట్ తెలిసిన చిత్తూరు మనిషికి ఇది సులభంగా అర్థమవుతుంది. ధర బాగుందని అందరూ నాటుతారు, పంట ఒక్కసారే వచ్చి పడిపోతుంది, తర్వాత ఎవరూ నాటరు, మళ్లీ కొరత. 2023 జులైలో అక్కడ టమోటా కిలో వంద దాటి జనం గగ్గోలు పెడుతుంటే, ఫ్లాష్ చిప్పులు కొనే దిక్కులేక పడి ఉన్నాయి. లాక్‌డౌన్ల కాలంలో గిరాకీ చూసి ఎక్కువ తయారుచేసిన కంపెనీలు నష్టపోయి ఉత్పత్తి తగ్గించాయి. ఇప్పుడేమో ఏఐ డేటాసెంటర్లు దొరికినంతా కొనేస్తున్నాయి. టమోటా అయితే మూడు నెలల్లో కాయ వస్తుంది. చిప్ ఫ్యాక్టరీ కట్టి, యంత్రాలు బిగించి సరుకు బయటికి తేవాలంటే ఏళ్లు పడుతుంది. పైగా ప్రపంచంలో చాలావరకు ఫ్లాష్‌ను తయారుచేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, కియోక్సియా, శాన్‌డిస్క్ లాంటి కొద్ది కంపెనీలే. మైక్రాన్ అయితే మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండు నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి వచ్చే దీపావళికి తగ్గుతుందిలే అనుకోవడం జూదమే.

మా వాడికి నేను చెప్పింది, ఆగొద్దని. అయితే 1 టీబీ ఆశ వదిలి, 256 లేదా 500 జీబీతో సరిపెట్టుకోమన్నాను. కొనే ముందు లాప్‌టాప్ వెనక మూత తీయించి ఏ రకం స్లాట్ ఉందో చూడాలి. ఎం.2 స్లాట్ (సన్నటి పట్టీలా ఉండే ఎస్‌ఎస్‌డీని గుచ్చే చోటు) ఉన్నా కొన్ని పాత మోడళ్లలో అది సాటా రకాన్నే తీసుకుంటుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అందుకని ఆ లాప్‌టాప్ విండోస్ 11కి పనికిరాకపోతే, దానిమీద ఎంత ఖర్చు పెట్టాలో కూడా ఆలోచించుకోవాలి.

అరిగిపోతుందేమో అన్న టెన్షన్ మాత్రం అక్కర్లేదు. రాసిన ప్రతిసారీ ఆ పొర కొంచెం దెబ్బతినే మాట నిజమే. ఒక గదిలో మూడు బిట్లు ఇరికిస్తే ఎనిమిది విద్యుదావేశ మట్టాలను, నాలుగు బిట్లయితే పదహారు మట్టాలను తేడా పట్టుకుని చదవాలి. అందుకే నాలుగు బిట్ల రకం చవకే కానీ త్వరగా అరుగుతుంది. మంచి 500 జీబీ డ్రైవ్‌కు 300 టెరాబైట్లు రాసేదాకా వారంటీ ఇచ్చే కంపెనీలున్నాయి. రోజుకు 20 జీబీ రాసినా దాన్ని ముగించడానికి నలభై ఏళ్లు పడుతుంది.

తీసేసిన హార్డ్‌డిస్క్‌ను పారేయకుండా యూఎస్‌బీ డబ్బాలో పెట్టుకుంటే ఫొటోల బ్యాకప్‌కు పనికొస్తుంది. అదే బాగా అరిగిన ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా బీరువాలో పడేస్తే ఎలక్ట్రాన్లు మెల్లగా జారిపోతాయి. అరుగుదల పరిమితికి చేరిన డ్రైవ్ 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు సమాచారం నిలుపుకోవాలన్నది పరిశ్రమ ప్రమాణం. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మన తిరుపతి మే నెల ఎండలు 40 దాటడం మామూలే కదా.

అసలు ఎస్‌ఎస్‌డీ మాటే ఎత్తకూడని చోటు కూడా ఒకటుంది, లాడ్జిల్లో సీసీ కెమెరాల రికార్డర్. రిసెప్షన్ కంప్యూటర్‌కు వేసి మురిసిపోయిన ఓనరు దీనికీ వేయమంటాడు. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపిస్తే, ఎనిమిదింటికి రోజుకు దాదాపు 345 జీబీ. 500 జీబీ డ్రైవ్ ఒకటిన్నర రోజుకే నిండి, పాతది చెరిపి మళ్లీ రాయడం మొదలెడుతుంది. ఆ 300 టెరాబైట్లు రెండున్నరేళ్లు తిరక్కముందే అయిపోతాయి. అక్కడ జరిగేది వరసగా రాసే పని కాబట్టి హెడ్ ఊరికే అటూ ఇటూ పరుగెత్తాల్సిన అవసరం పెద్దగా ఉండదు. సీసీ కెమెరాల కోసమని విడిగా అమ్మే 4 టీబీ హార్డ్‌డిస్క్ వేసుకుంటే పదకొండు రోజుల దృశ్యాలు పడతాయి.